రెండువందల నలభై ఎనిమిది

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నాలుగు. తెర నల్లగా ఉంది. ఉండాలి. కొత్త మెమరీ పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే పాత సర్వర్ తన ఒంట్లో ఏం చేరిందో ఒక్కొక్క స్టిక్కునీ తట్టి చూసుకుంటుంది, అంతవరకూ తెర మీద అక్షరం వేయదు, పది నిమిషాలు పట్టొచ్చు, పదిహేను పట్టొచ్చు. ఇదంతా నాకు తెలుసు. పదిమందికి నేనే చెప్పాను. అయినా కుడికాలి బొటనవేలు చెప్పులో తాళం వేస్తూనే ఉంది. ఆపితే ఆగుతుంది, నేను మరిచిపోగానే మళ్లీ మొదలుపెడుతుంది. ఇది భయం కాదు. భయం కడుపులో ఉంటుంది, పోయినేడాది మూడు రోజులు మోశాను కాబట్టి నాకు తెలుసు. ఇది కాళ్లలో ఉంది. బడిలో ఫలితాల కాగితం అంటించడానికి ప్యూను జిగురు డబ్బా పట్టుకుని వసారాలోంచి నడిచి వస్తుంటే కాళ్లలో ఇదే ఉండేది, పరిగెత్తాలనీ ఉంటుంది, ఎటు పరిగెత్తాలో తెలియదు. స్విచ్ నొక్కగానే ఆరు ఫ్యాన్లూ ఒక్కసారి గర్జించాయి, బల్ల మీది కాగితం లేచి ర్యాక్ వెనక్కి పోయింది. ముప్పై సెకన్లకి తగ్గాయి. తగ్గాయంటే లోపల ఎవరో లేచి వాటి చెవి మెలిపెట్టారన్నమాట. అది మంచి కబురు. మాస్టారైతే ఆ తగ్గుదల వినగానే కుర్చీ వెనక్కి వాల్చి, ముసలమ్మ నిద్రలేచింది, ఇక మొహం కడుక్కునేదాకా పలకరించకు, అనేవారు. నాకు ఈ పని నేర్పిన మనిషి ఆయన. ముసలమ్మ అని పేరు పెట్టిందీ ఆయనే, అప్పటికి దాని వయసు మూడేళ్లు. ఇప్పుడు పద్నాలుగు.

ఇరవై అయిదు. గది పది అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, కిటికీ ఒకటి, దాన్ని నేనెప్పుడూ తెరవలేదు, ఇవాళ తెరవాలనిపిస్తోంది. తెరిస్తే నది కనబడదు, పక్క భవనం గోడ కనబడుతుంది, గోడ మీద తడి ఎంతవరకు దిగిందో కనబడుతుంది. ఇక్కడ వర్షం పెద్దగా లేదు. వర్షమంతా ఎగువన ఉంది. పదకొండింటికి ఎగువన నీటిమట్టం కొలిచే గేజి దగ్గర మూడు మీటర్ల అరవై అయిదు, పన్నెండింటికి మూడు తొంభై, ఒంటిగంటకి నాలుగు ఇరవై. మొదట గంటకి పాతిక సెంటీమీటర్లు, తర్వాత ముప్పై. ఎగువ గేజి నుంచి మన వంతెన దాకా ఆ నీళ్లకి ఆరు గంటల నడక. మా నది ఆఫీసులో అందరికీ తెలిసిన లెక్క ఇది. అందరికీ తెలిసిన ఇంకో లెక్క ఏమిటంటే, ఆ నీళ్లు వంతెన దాటి ఏ వీధిలోకి ఎన్నింటికి ఎక్కుతాయో తేల్చడానికి ముసలమ్మకి తొమ్మిది గంటలు పడుతుంది. తొమ్మిదిలోంచి ఆరు తీస్తే మూడు. ఆ మూడు గంటలూ పోయినేడాది దిగువ వీధి నీళ్లలో గడిపింది. పొద్దున్న ఎనిమిదింటికి నీళ్లు వచ్చాయి. పదకొండింటికి జవాబు వచ్చింది: దిగువ వీధిలోకి నీరు ఎనిమిదీ అయిదుకి. అయిదు నిమిషాలే తేడా. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను ప్రింటర్ దగ్గర నిలబడి ఉన్నాను, పిన్ని ఫోన్ చేసింది, చెప్పాను, లెక్క తప్పలేదు పిన్నీ అన్నాను. అటునుంచి బకెట్టు చప్పుడు. నీ లెక్క తప్పని ఎవరన్నారే చిట్టీ, నీళ్లు నీకంటే ముందు చదివేశాయి, అంది.

పిన్ని దిగువ వీధిలో మూడో ఇల్లు. మా అమ్మ చెల్లెలు. అయిదో తరగతి నుంచి నన్ను తన దగ్గరే పెట్టుకుని చదివించింది, ఒక కుట్టుమిషన్ మీద. ఆ మిషన్ పోయినేడాది ఒకపూట నీళ్లలో ఉంది. తర్వాత మూడు రోజులు ఇద్దరం దాన్ని ఊడదీసి ఒక్కొక్క ముక్కా తుడిచి నూనె పెట్టాం, పనివాళ్లలాగా, నేను తలెత్తలేకపోయాను. నాలుగో రోజు దానికి దారం ఎక్కించి ఒక గుడ్డ పేలిక మీద తొక్కింది. కుట్టు పడింది. చూశావా, దీనికి బుద్ధి ఉంది, మీ ఆఫీసు మిషన్‌కే లేదు, అంది. బుద్ధి ఉంది పిన్నీ, బల్ల లేదు, అన్నాను. అప్పుడే ఆ మాట నోట్లోంచి వచ్చింది, అంతకుముందు ఎవరు అడిగినా మెమరీ, డిస్కు అని ఏదో చెప్పేదాన్ని. పిన్నికి గుడ్డ కత్తిరించే బల్ల ఒకటి ఉండేది, ఇద్దరు పిల్లలు పడుకునేంత. నా పుస్తకాలు దాని మీదే ఉండేవి. పెద్ద కోటు వచ్చిందంటే పుస్తకాలు తీసి బీరువాలో పెట్టేది, ఒక చెయ్యి కత్తిరించి మడత పెట్టి బీరువాలో పెట్టేది, వీపు తీసి పరిచేది, మళ్లీ చెయ్యి కావాల్సి వచ్చేది, వీపు మడత పెట్టి బీరువా తెరిచేది. కత్తిరించడానికి గంట, మడతలకి నాలుగు గంటలు. ముసలమ్మ చేసేదీ అదే. నదినీ ఊరినీ పది మీటర్ల గడులుగా పరిస్తే రెండువందల ముప్పై ఒక్క జీబీ బల్ల కావాలి, దానికున్నది అరవై నాలుగు. మిగతాదంతా డిస్కులో పెట్టడం, తీయడం, పెట్టడం. తొమ్మిది గంటల్లో ఎనిమిదింపావు ఈ మడతలే. కొలిచాను. రాసి పైకి పంపాను. మూడుసార్లు. కొత్త మిషన్ ఇస్తాం అని ఒకసారి జవాబు వచ్చింది, రెండుసార్లు అదీ రాలేదు.

ఇరవై తొమ్మిది. తెర నలుపే. మాస్టారు అనేవారు, నల్ల తెర చూసి చెయ్యి వేశావో, నువ్వూ నేనూ పరాయివాళ్లం. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి తడుముకుంటుంది, ఒక్కోసారి తడుముకోవడమే మరిచిపోతుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను, ఒంటి మీది కరెంటు మెమరీని కాల్చకుండా ఎడమ మణికట్టుకి కట్టుకున్న పట్టీ ఇంకా ఉంది, దాని తీగ ర్యాక్‌కి బిగించి ఉంది. లేచి నడిస్తే ర్యాక్ నన్ను లాగుతుంది. దొడ్లో కట్టేసిన దూడలా ఉన్నాను. నవ్వొచ్చింది. ఒక్కదాన్నే నవ్వుతున్నాను. పక్క గదిలో ఆఫీసరుగారు ఫోన్‌లో ఎవరికో సర్దిచెబుతున్నారు, ఆ గొంతు గోడలోంచి వస్తోంది, మాటలు రావడం లేదు. పాపం ఆయనా. పన్నెండున్నరకి నేను టిన్ను పట్టుకుని ఆయన బల్ల ముందు నిలబడితే కళ్లజోడు తీసి చూశారు. సర్వే ఆఫీసు వాళ్లు తమ సర్వర్లని మూలపడేస్తుంటే అడిగి తెచ్చుకున్న స్టిక్కులు అవి, పదహారు, ఒక్కొక్కటి పదహారు జీబీ, బిస్కెట్ల టిన్నులో గుడ్డ పరిచి పెట్టాను. అనుమతి కాగితం కోసం పందొమ్మిది రోజులు సొరుగులో ఉన్నాయి.

"నది పెరుగుతుంటే మిషన్ విప్పుతావా అమ్మా?"

"పెరుగుతోంది కాబట్టే సార్."

"అది మళ్లీ లేవకపోతే?"

"విప్పకపోతే రాత్రి పదికి చెబుతుంది సార్. నీళ్లు ఏడుకి వస్తాయి."

ఆయన గడియారం చూశారు, టిన్ను చూశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఆఫీసు అని పేరు తెచ్చుకున్నాం, ఇప్పుడు ఆకులు వెతకడానికి దీపం ఆర్పుతానంటున్నావు, అన్నారు. గంట ఇచ్చారు. గేజిలు గంటకోసారి కబురు పంపుతాయి, ఆ క్షణాన వినడానికి సర్వర్ లేకపోతే ఆ కబురు పోయినట్టే, మళ్లీ గంటకి గానీ రాదు. ఒంటిగంట కబురు వచ్చాక మొదలుపెట్టి రెండింటి కబురుకి లేపాలి. రెండు దాటితే అంచనాగా మైకులో చెప్పించేస్తాను, అన్నారు. ఆ అంచనా సంగతి ఆయనకీ తెలుసు. ఈ వర్షాకాలంలోనే రెండుసార్లు మైకు తిరిగింది, లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండవలెను అని, రెండుసార్లూ చుక్క రాలేదు. పిన్ని రెండుసార్లూ ఎదురింటాయన్ని బతిమాలి ఇనపకాళ్లతో సహా మిషన్‌ని మెట్లెక్కించింది, రెండుసార్లూ దింపించింది, రెండోసారి ఆయన నడుము పట్టేసింది. ఇక మైకు వస్తే ఆ వీధిలో తలుపు కూడా తీయరు. మా ఇంటికి ఎన్నింటికి వస్తుందో చెప్పమనండి, కదులుతాం, అన్నారు వీధివాళ్లు. న్యాయమే కదా. లోతట్టు ప్రాంతం అంటే ఎవరు? ఎవరి గడప వాళ్లకి ఒక మెట్టయినా ఎత్తుగానే కనిపిస్తుంది.

ముప్పై రెండు. ఒక పచ్చ దీపం ఆరి వెలిగింది, లేక నేను రెప్ప వేశానేమో. ఏం చేశానో మళ్లీ ఒకసారి చూసుకుంటున్నాను, చేతుల్లో చూసుకుంటున్నాను, చేతులకి గుర్తుంటుంది. ఒకటీ మూడుకి సర్వర్ ఆపాను. తీగలు పీకాను. పవర్ బటన్ ఉత్తిగా నొక్కి లోపల మిగిలిన కరెంటు పోగొట్టాను. మూత జరిపాను, మూత లోపల పటం ఉంది, రెండు ప్రాసెసర్లు, ఒక్కోదానికి ఎనిమిది స్లాట్లు. సగంలో ఎనిమిదేసి జీబీల పాత స్టిక్కులు, సగంలో గాలి దారి తప్పకుండా పెట్టే ఖాళీ ప్లాస్టిక్ ముక్కలు. దుమ్ము నేననుకున్నంత లేదు. వాసన మాత్రం అదే, వేడెక్కి చల్లారిన రేకు వాసన. మొదటిసారి ఈ మూత తీసిన రోజు మాస్టారు నా చేతికి ఒక స్టిక్కు ఇచ్చి వెనక్కి జరిగారు. దీనికి అడుగున ఒక గంటు ఉంది చూడు, ఆ గంటు మధ్యకి ఉండదు, ఓ పక్కకి ఉంటుంది, తిరగేసి నొక్కితే స్లాట్ పగులుతుంది, పటం చూసి పెట్టకు, పటాలు అబద్ధమాడతాయి, పక్కవాణ్ణి చూసి పెట్టు, అన్నారు. పరీక్షలో కాపీ కొట్టమని చెప్పిన గురువు ఆయనొక్కరే. అందుకే ఆయన పద్ధతిలో పాతవన్నీ ఒకేసారి పీకేయరు. ఒకదాన్ని ఉంచుతారు. దాన్ని సాక్షి అనేవారు. అది సరిగ్గా కూర్చుని పనిచేసిన మనిషి, కొత్తవాళ్లకి ఎటు తిరిగి కూర్చోవాలో చూపిస్తుంది, అందరూ కూర్చున్నాక దాన్ని లేపి చివరివాణ్ణి ఆ చోట పెట్టు. నేను అలాగే చేశాను. రెండో ప్రాసెసర్ పక్కన ఎనిమిదో స్లాట్, కరెంటు పెట్టెని ఆనుకుని ఉన్నది, అందులోదాన్ని సాక్షిగా ఉంచాను. మిగతావి తీసి గుడ్డ మీద వరసగా పేర్చాను. ఒక్కొక్క కొత్తదీ రెండు బొటనవేళ్లతో నొక్కాను, రెండు పక్కలా కొక్కేలు వాటంతట అవే మూసుకున్నాయి, టక్కు, టక్కు. ఆ చప్పుడు ఇంకా వేళ్లలో ఉంది. అప్పుడే పిన్ని ఫోన్ చేసింది. ఒకటీ పద్నాలుగు. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"తిన్నావా చిట్టీ?"

"పిన్నీ, చేతిలో పనుంది."

"నీ చేతిలో ఎప్పుడు లేదులే. ఒక్క మాట చెప్పి పని చేసుకో. ఇవాళ మిషన్ పైకెక్కించాలా, వద్దా? ఎదురింటాయన నన్ను చూస్తే నడుము పట్టుకుని లోపలికి పోతున్నాడు."

"గంటన్నర ఆగు, చెప్తాను."

"పోయినేడూ ఆగమనే అన్నావు."

"ఈసారి ముందే చెప్తాను. ఒట్టు."

"ఒట్లెందుకే. నిన్నటి వర్షం ఇవాళ చెప్పే ఆఫీసు మీది," అని నవ్వి పెట్టేసింది.

పెట్టేశాక మూత వేశాను. తీగలు గుచ్చాను. స్విచ్ నొక్కాను. ఒకటీ ఇరవై ఒకటి.

ముప్పై అయిదు. గోడ అవతల ఆఫీసరుగారి గొంతు ఆగింది. కుర్చీ జరిగింది. తలుపు దగ్గర ఆయన, లోపలికి రాలేదు, ఈ గదిలోకి వచ్చేటప్పుడు ఆయన ఎప్పుడూ చెప్పులు విప్పాలా వద్దా అని ఒక క్షణం ఆగుతారు. లేచిందా, అన్నారు. మొహం కడుక్కుంటోంది సార్, అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నాకు నవ్వాగలేదు. అప్పుడు తెర వెలిగింది. ఎడమ మూల ఒక గీత, గీత కింద కంపెనీ ముద్ర, దాని కింద అంకెలు కదలడం మొదలుపెట్టాయి. ఈ పాత మిషన్లలో ఉన్న సుఖం ఇదే, కొత్తవి లెక్కపెట్టి చివరి అంకె చెబుతాయి, ఇవి మన ముందే లెక్కపెడతాయి. పదహారు. ముప్పై రెండు. అరవై నాలుగు దగ్గర ఊపిరి బిగబట్టాను, పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఆగింది. ఆగలేదు. ఎనభై. నూట పన్నెండు. ఆఫీసరుగారు చెప్పులతోనే లోపలికి వచ్చేశారు. నూట తొంభై రెండు. రెండువందల ఎనిమిది. నేను లేచి నిలబడ్డాను, మణికట్టు పట్టీ ర్యాక్‌ని లాగింది. రెండువందల నలభై. అక్కడ ఒక క్షణం. రెండువందల నలభై ఎనిమిది. ఆగింది. కింద పసుపు అక్షరాల్లో ఒక వాక్యం: వేరే కొలత స్టిక్కు ఉంది, రెండో ప్రాసెసర్, ఎనిమిదో స్లాట్, కొనసాగాలంటే ఎఫ్ వన్ నొక్కండి.

పదహారు పదహార్లు రెండువందల యాభై ఆరు. ఎనిమిది తక్కువ. ఒక స్టిక్కు చచ్చిపోయి ఉంటే రెండువందల నలభై రావాలి. రాలేదు. నలభై ఎనిమిది వచ్చింది. పదిహేను పదహార్లు రెండువందల నలభై, దాని మీద ఎనిమిది. బల్ల మీద మిగిలిపోయిన ఒక పాత పేలిక. వెనక్కి తిరిగి చూడకముందే తెలిసింది, అయినా తిరిగాను. టిన్నులో, గుడ్డ మడతలో, పదహారోది పడుకుని ఉంది. సాక్షిని లేపలేదు. ఫోన్ వచ్చింది, పెట్టేశాను, మూత వేశాను. సాక్షి తన చోట తను కూర్చుని తన లెక్క తను చెప్పింది. మాస్టారి పద్ధతి తెలియనివాళ్లు ఈ తప్పు చేయలేరు. అన్నీ ఒకేసారి పీకేసేవాళ్లు అయితే ఒకటి ఖాళీగా వదిలేస్తారు, లేకపోతే స్లాట్ పగలగొడతారు. నా తప్పు నా చదువులోంచే వచ్చింది.

"ఏమిటది, పసుపు? ఏమైంది?" అన్నారు ఆఫీసరుగారు.

"ఒక పాతది లోపలే ఉండిపోయింది సార్. నేను తీయడం మరిచాను."

"అయితే తియ్యి."

గడియారం వైపు చూశాను. ముప్పై ఏడు. ఆపి, మూత తీసి, మార్చి, మూత వేసి అయిదు నిమిషాలు. మళ్లీ నల్ల తెర పద్నాలుగు. ఆ తర్వాత సర్వర్ పూర్తిగా లేవడానికి తొమ్మిది. ఇరవై ఎనిమిది. రెండూ అయిదు. రెండింటి కబురు పోతుంది. మూడింటిదాకా కూర్చోవాలి. నా వేళ్లు టిన్ను వైపు వెళ్లాయి, అబద్ధమెందుకు, వెళ్లాయి. యాభై ఆరు చూడాలని పందొమ్మిది రోజులుగా ఉంది. నిండు అంకె. రెండు ప్రాసెసర్ల పక్కనా సమానంగా. పిన్ని అయితే ఏం చేస్తుంది? చివరి గుండీ రంగు కలవకపోతే చొక్కా ఇవ్వడం మానేస్తుందా? లోపలి పట్టీకి వేసి ఇచ్చేస్తుంది, పండక్కి కాదు కదా, పనికి వేసుకునేది, అంటుంది. నది పరవడానికి కావాల్సింది రెండువందల ముప్పై ఒకటి. ఉన్నది రెండువందల నలభై ఎనిమిది. పదిహేడు మిగులు.

"అక్కర్లేదు సార్. అది ఉండనీ. సరిపోతుంది."

"నమ్మకమేనా?"

"అంకెలు సార్. నమ్మకంతో పనిలేదు."

ఎఫ్ వన్ నొక్కాను.

నలభై ఆరుకి లేచింది. యాభై ఒకటికి గేజిల కబురు వినే ప్రోగ్రాం లేచింది. యాభై తొమ్మిది నుంచి రెండు దాకా అరవై సెకన్లు, అరవై ఒక్కటి అంటే నమ్ముతాను. ఎగువ గేజి పలికింది: నాలుగు మీటర్ల యాభై రెండు. నదిని బల్ల మీద పరిచాను. మొత్తం పరుచుకుంది. ఎగువ గట్టు నుంచి వంతెన దాకా, వంతెన నుంచి దిగువ వీధి చివరి గడప దాకా, ఒక్క మడత లేకుండా. ఇలా ఇది ఇంతకుముందు ఎవరికీ కనబడలేదు, ముసలమ్మకీ కనబడలేదు. డిస్కు దీపం ఆరిపోయి ఉంది. పద్నాలుగేళ్లుగా లెక్క నడుస్తున్నంతసేపూ మిణుగురులా కొట్టుకునే దీపం, ఆరిపోయి ఉంది. వేలు పెట్టి ముట్టుకున్నాను. ఆఫీసరుగారు పాడైపోయిందేమో అన్నారు. దానికి పని లేదు సార్, అన్నాను, బీరువా మూసేశాం. ఈసారీ ఆయనకి అర్థం కాలేదు, ఆయనా నవ్వారు, కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. శాతాలు ఎక్కుతున్నాయి. పన్నెండు. పందొమ్మిది. ఆయన కాలి బొటనవేలు కూడా తాళం వేస్తోంది. చూశాను, చెప్పలేదు.

రెండూ నలభై ఒకటికి కాగితం వచ్చింది. ప్రింటర్ దగ్గర, పోయినేడాది నిలబడ్డ చోటే నిలబడ్డాను. దిగువ వీధి, ఇళ్ల వరుస, గడప గడపకీ ఒక వేళ. మూల మీద పాలకొట్టుకి ఆరూ యాభై. మూడో ఇంటికి ఏడూ పది. ఎదురింటికి ఏడూ ఇరవై. ఆ పై వీధికి లేదు. ఆఫీసరుగారు కాగితం లాక్కుని మైకు బండివాడికి ఫోన్‌లో చదవడం మొదలుపెట్టారు, ఇంటి నంబరు, వేళ, ఇంటి నంబరు, వేళ, మధ్యలో ఆగి, లేదయ్యా, అప్రమత్తం అనకు, టైము చెప్పు చాలు, అన్నారు. నేను పిన్నికి చేశాను. రెండూ నలభై నాలుగు.

"ఏడూ పదికి పిన్నీ. నీ గడప మెట్టుకి. ఎనిమిదింటికి మోకాలిదాకా."

అటునుంచి కత్తెర కింద పెట్టిన చప్పుడు. తర్వాత, "ఏడూ పదా? ఇవాళా?"

"ఇవాళే."

"ఇప్పుడింకా మూడు కూడా కాలేదు."

"కాలేదు."

"అయితే నాలుగున్నర గంటలుందే నాకు," అంది. ఎవరో చేతిలో ఏదో పెట్టినట్టు అంది. "రెండు చొక్కాలున్నాయి. కాలర్లు వేసేస్తే అయిపోతుంది. వేసేసి ఎక్కిస్తాను."

"అయిదింటికల్లా ఎక్కించాలి."

"ఆరుకి చాలదూ?"

"అయిదు."

"ఆఫీసు దానివే," అంది. ఫోన్ పెట్టడం మరిచిపోయింది. బల్ల మీద పెట్టినట్టుంది. కత్తెర చప్పుడు వచ్చింది, దారం తెంపిన చప్పుడు వచ్చింది, ఆ తర్వాత మిషన్ నడవడం మొదలైంది. నేను వింటూ నిలబడ్డాను.